దీపానికి మాపటేళ ఎట్లా తెలుస్తుంది?

పొద్దుగూకగానే తనంతట తాను వెలిగి, తెల్లవారగానే తనంతట తాను ఆరిపోయే దీపాలు ఇవాళ మనకు వింత కాదు. కళాశాల ఆవరణలో ఉన్నాయి, బస్టాండ్లలో ఉన్నాయి, పల్లెల్లో సోలారు స్తంభాల మీదా ఉన్నాయి. రోజూ వాటి కిందినుంచే నడిచిపోతాం గాని, చీకటి పడిందని ఆ దీపానికి ఎట్లా తెలిసింది అని ఆగి అడిగేవాళ్ళు తక్కువ. ఎలక్ట్రానిక్స్ కొత్తగా నేర్చుకునేవారికి ఈ ప్రశ్నకన్నా మంచి మొదటి పాఠం లేదని నా అభిప్రాయం. సామాను చవక, లెక్క తేలిక, ఫలితం కళ్ళముందే కనిపిస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ చిన్న సర్క్యూటు చేతిలోకి తీసుకున్నవాడు, దీపం ఎప్పుడు వెలగాలి, ఎక్కడ వెలగాలి అనే ప్రశ్నకు జవాబు చెప్పక తప్పదు. ఆ జవాబు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు.

మాది అమ్రాబాద్. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా. మా ఊరు దాటితే నల్లమల అడవే. దసరా సెలవుల్లో ఊరికి పోయినప్పుడు మా అన్న పిల్లలు, వాళ్ళతో చదివే హైస్కూలు పిల్లలు ఏడెనిమిది మందిని కూర్చోబెట్టుకుని డాబా మీద ఈ ప్రయోగాలు చేశాను. ఇక్కడ రాస్తున్నది ఆ పాఠమే. ఫిజిక్సు చదవని మిత్రులకు కూడా అర్థం కావాలని కొంచెం విడమరచి రాస్తున్నాను.

కావలసిన సామాను

ఎల్.డి.ఆర్. ఒకటి. ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు ఎల్.ఇ.డి.లు రెండేసి. బి.సి.547 ట్రాన్సిస్టరు ఒకటి. 330 ఓములు, 7.5 కిలోఓములు, 10 కిలోఓములు రెసిస్టర్లు ఒక్కొక్కటి. 470 కిలోఓముల ప్రీసెట్, అంటే చిన్న స్క్రూడ్రైవరుతో తిప్పి నిరోధం మార్చుకునే రెసిస్టరు, ఒకటి. 555 అనే ఐ.సి. ఒకటి. నాలుగు పెన్సిల్ సెల్లు, వాటికి పెట్టె, ఒక బ్రెడ్‌బోర్డు, నాలుగు వైరు ముక్కలు. హైదరాబాదులో అయితే కోఠీ గుజరాతీ గల్లీలో అన్నీ ఒకేచోట దొరుకుతాయి. మల్టీమీటరు ఒక్కటే కాస్త ఖరీదు, అది డిపార్టుమెంటులో అడిగి తీసుకోవచ్చు. వెలుతురును కొలవడానికి వేరే మీటరు కొననక్కరలేదు. మన మొబైల్ ఫోన్లలో చాలావాటికి తెర పక్కన కాంతిని కొలిచే సెన్సరు ఉంటుంది. అది చూపే అంకెను లక్సుల్లో చెప్పే ఉచిత యాప్‌లు ఉన్నాయి. ఆ అంకె మరీ ఖచ్చితం కాకపోయినా మన పనికి చాలు.

వెలుతురుకు లొంగే నిరోధం

1873 లో విల్లోబీ స్మిత్ అనే ఇంగ్లీషు ఇంజనీరు సముద్రం అడుగున వేసే టెలిగ్రాఫు తీగెలను పరీక్షించడానికి సెలీనియం కడ్డీలు వాడుతూ ఒక వింత గమనించాడు. కడ్డీ మీద వెలుతురు పడితే దాని నిరోధం తగ్గుతోంది, మూత పెడితే పెరుగుతోంది. కాంతిని గుర్తించే పరికరాల చరిత్ర అక్కడ మొదలయింది. మన చేతిలోని ఎల్.డి.ఆర్. లో సెలీనియం బదులు కాడ్మియం సల్ఫైడు ఉంటుంది. పైన పాములాగా మెలికలు తిరిగిన గీత కనిపిస్తుంది గదా, వెలుతురు పనిచేసేది అక్కడే. చీకట్లో ఆ పదార్థంలోని ఎలక్ట్రాన్లు అణువులకు కట్టుబడి ఉంటాయి. కాంతి తగిలినప్పుడు కొన్ని విడివడి కరెంటును మోసుకుపోతాయి. వెలుతురు ఎంత ఎక్కువైతే నిరోధం అంత తక్కువ.

మల్టీమీటరును ఓముల మీద పెట్టి, ఎల్.డి.ఆర్. రెండు కాళ్ళకూ తగిలించి చూడండి. ఎండలో నిరోధం వంద ఓముల ప్రాంతానికి దిగిపోతుంది. 10 లక్సుల మసకలో 15 కిలోఓముల చుట్టుపక్కల ఉంటుంది. నల్లగుడ్డతో గట్టిగా కప్పితే నెమ్మదిగా ఎక్కి పది లక్షల ఓముల దాకా పోతుంది. మామూలు రకానికి ఒక బండగుర్తు ఉంది. వెలుతురు పది రెట్లు పెరిగితే నిరోధం ఇంచుమించు అయిదో వంతుకు పడిపోతుంది. ఒకే దుకాణంలో కొన్న రెండు ఎల్.డి.ఆర్.లు కూడా ఒకే అంకె చూపవు, ఒకటి రెండోదానికి రెట్టింపు చూపినా ఆశ్చర్యం లేదు. అందువల్ల ఎవరి ఎల్.డి.ఆర్. ను వాళ్ళే కొలుచుకోవాలి.

ఒక హెచ్చరిక. కాడ్మియం విషపదార్థం. ఎల్.డి.ఆర్. ను పగలగొట్టడం, కాల్చడం, చెత్తకుప్పలో వేయడం చేయకండి. పాడైపోయినవి డిపార్టుమెంటులో అప్పజెప్పండి.

మొదటి ప్రయోగం: సెల్లు లేకుండా ఎల్.ఇ.డి.

ఎల్.ఇ.డి. అంటే కరెంటు ఇస్తే వెలిగేది అని అందరికీ తెలుసు. దాని కథ పాతదే. రష్యాలో ఓలెగ్ లోసెవ్ 1920లలోనే స్ఫటికపు ముక్కల నుంచి వచ్చే ఈ వెలుగును పరిశీలించి పత్రాలు రాశాడు. కంటికి కనిపించే ఎర్రటి ఎల్.ఇ.డి. ని 1962 లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ తయారుచేశాడు. నీలం ఎల్.ఇ.డి. కి మరో ముప్పై ఏళ్ళు పట్టింది. దాన్ని సాధించినందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014 లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇవాళ ఇంటింటా వెలుగుతున్న తెల్ల దీపం ఆ నీలం దీపం మీద పసుపు పొడి పూత పూసిందే.

అయితే ఎల్.ఇ.డి. కి కరెంటు ఇవ్వకుండా వెలుతురు ఇస్తే ఏమవుతుంది? పైభాగం గాజులాగా తేటగా ఉండే ఎరుపు ఎల్.ఇ.డి. తీసుకోండి. పొడుగు కాలుకు మల్టీమీటరు ఎర్రతీగె, పొట్టి కాలుకు నల్లతీగె తగిలించి, మీటరును వోల్టుల మీద పెట్టి ఎండకు చూపండి. ఒకటి, ఒకటిన్నర వోల్టు దాకా కనిపిస్తుంది. పిల్లలు దీన్ని నమ్మలేదు. మీటరులోని సెల్లు పని అన్నారు. చెయ్యి అడ్డం పెట్టి నీడ చేస్తే అంకె పడిపోయింది, తీస్తే లేచింది. అప్పుడు గాని నమ్మకం కుదరలేదు. ఈ కరెంటు చాలా స్వల్పం, దానితో ఇంకో దీపం వెలగదు. కాని వెలుతురును గుర్తించడానికి అది చాలు.

ఇప్పుడు అసలు సరదా. నల్ల కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక చివర మీటరుకు తగిలించిన ఎరుపు ఎల్.ఇ.డి., రెండో చివర సెల్లుతో వెలిగే ఆకుపచ్చ ఎల్.ఇ.డి. ఎదురెదురుగా పెట్టండి. వెలిగే దీపానికి 330 ఓములు వరసలో ఉండాలి సుమా. మీటరు వోల్టేజీ చూపుతుంది. తర్వాత స్థానాలు మార్చి, ఎరుపును వెలిగించి ఆకుపచ్చదాన్ని మీటరుకు తగిలించండి. ఇప్పుడు దాదాపు ఏమీ రాదు. ఎందుకని? ఆకుపచ్చ కాంతి కణానికి శక్తి ఎక్కువ, ఎరుపుకు తక్కువ. ఎరుపు ఎల్.ఇ.డి. లో ఎలక్ట్రాన్లను లేపడానికి ఎరుపుపాటి శక్తి చాలు, కనుక ఆకుపచ్చ సులువుగా లేపుతుంది. ఆకుపచ్చ ఎల్.ఇ.డి. లో మెట్టు ఎత్తు ఎక్కువ, ఎరుపు కాంతి దాన్ని ఎక్కలేదు. ప్రతి ఎల్.ఇ.డి. తన రంగును, తనకంటె ఎక్కువ శక్తిగల రంగులను చూడగలదు, తనకంటె తక్కువవాటికి గుడ్డిది. అమెరికాలో ఫారెస్ట్ మిమ్స్ అనే ఔత్సాహికుడు ఈ గుణాన్నే వాడుకుని 1990 నుంచి ఎల్.ఇ.డి. లతో సూర్యకాంతిని కొలిచి, గాలిలోని మసక ఎంతో లెక్కగట్టాడు. రెండు రూపాయల దీపంతో పరిశోధన చేయవచ్చుననడానికి ఇంతకన్నా ఏం కావాలి?

రెండో ప్రయోగం: మాపటి దీపం

సెల్లపెట్టె ధనధ్రువం నుంచి 10 కిలోఓముల రెసిస్టరు, దాని వెనక ప్రీసెట్, అక్కడినుంచి ట్రాన్సిస్టరు బేసు. బేసు నుంచి రుణధ్రువానికి ఎల్.డి.ఆర్. మళ్ళీ ధనధ్రువం నుంచి 330 ఓములు, దాని తర్వాత ఎరుపు ఎల్.ఇ.డి. పొడుగు కాలు, పొట్టి కాలు నుంచి కలెక్టరుకు. ఎమిటరు రుణధ్రువానికి. బి.సి.547 చదునుభాగం మనవైపు ఉంటే ఎడమనుంచి వరసగా కలెక్టరు, బేసు, ఎమిటరు. 10 కిలోఓముల రెసిస్టరు ఎందుకంటే, ప్రీసెట్‌ను పూర్తిగా సున్నాకు తిప్పినా బేసు మీదికి కరెంటు ఒక్కసారిగా విరుచుకుపడకుండా కాపలా.

పనిచేసే తీరు ఇది. పై నిరోధం, కింది ఎల్.డి.ఆర్. కలిసి 6 వోల్టులను వాటాలు వేసుకుంటాయి. ట్రాన్సిస్టరు తెరుచుకోవాలంటే బేసు దగ్గర 0.6 వోల్టు కావాలి, అంటే మొత్తంలో పదోవంతు. ఎల్.డి.ఆర్. వాటా పదోవంతు కావాలంటే దాని నిరోధం పై నిరోధంలో తొమ్మిదో వంతు ఉండాలి. ఈ ఒక్క వాక్యమే మొత్తం సర్క్యూటు. పగలు ఎల్.డి.ఆర్. నిరోధం తక్కువ, వాటా తక్కువ, దీపం వెలగదు. చీకటి పడుతున్నకొద్దీ నిరోధం పెరిగి, తొమ్మిదో వంతు దాటగానే దీపం మెల్లగా కళ్ళు తెరుస్తుంది.

పై నిరోధాన్ని మార్చితే దీపం వెలిగే వేళ మారుతుంది. 10 లక్సుల దగ్గర 15 కిలోఓములు చూపే ఎల్.డి.ఆర్. తో లెక్క వేస్తే ఇట్లా వస్తుంది.

పై నిరోధం 10 కిలోఓములు: దీపం 400 లక్సుల ప్రాంతంలో వెలుగుతుంది.
47 కిలోఓములు: 45 లక్సుల ప్రాంతంలో.
100 కిలోఓములు: 15 లక్సుల ప్రాంతంలో.
470 కిలోఓములు: 2 లక్సుల లోపు.

చివరి అమరికలో బేసుకు అందే కరెంటు తక్కువ గనుక దీపం కాస్త మసకగానే వెలుగుతుంది. నేర్చుకోవడానికి అది అడ్డం కాదు.

ఈ అంకెలకు సాయంకాలంతో ఉన్న సంబంధం ఏమిటో డాబా మీద చూశాం. మబ్బులేని రోజున సూర్యుడు పూర్తిగా మునిగే సమయానికి బయట వెలుతురు 400 లక్సుల చుట్టుపక్కల ఉంటుంది. పది పన్నెండు నిమిషాలకు 45 కు, పావుగంటకు 15 కు దిగుతుంది. ఇరవై అయిదు నిమిషాలు గడిచేసరికి 2 కన్నా తక్కువ. అంటే ప్రీసెట్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు ఎంత తిప్పినా, మనం మార్చగలిగేది సాయంత్రంలో ఒక్క ఇరవై అయిదు నిమిషాల ముక్కే! ఉత్తర దేశాల్లో సంధ్య చాలాసేపు సాగుతుంది. మన అక్షాంశాల్లో సూర్యుడు నిట్టనిలువుగా దిగుతాడు కనుక చీకటి తొందరగా పడుతుంది.

డాబా పక్కింటి తాత ఇదంతా గోడ మీదినుంచి చూస్తున్నాడు. చివరికి ఉండబట్టలేక, "బిడ్డా, గా బుగ్గకు మాపటేళయిందని ఎవలు జెప్పిన్రు?" అని అడిగాడు. పిల్లల్లో ఒకడు, "సెన్సరు జెప్పింది తాతా" అన్నాడు. "మరి సెన్సరుకు ఎవలు జెప్పిన్రు?" అన్నాడు తాత.

ఆ రెండో ప్రశ్నే ఈ పాఠానికి ప్రాణం. ఎల్.డి.ఆర్. కు చీకటి అంటే తెలియదు. దానికి తెలిసింది ఓములే. ఏ ఓము దగ్గర మాపటేళ అనాలో ప్రీసెట్ తిప్పినవాడు నిర్ణయిస్తాడు. మన వాళ్ళు ఈ నిర్ణయాన్ని ఎప్పుడో మాటల్లో చేసి పెట్టుకున్నారు. పొద్దుగూకే యాళ ఒకటి. దీపాలు పెట్టే యాళ ఇంకొకటి. ఎదురొచ్చే మనిషి మొకం గుర్తువట్టరాని యాళ వేరొకటి. పిల్లలతో ఈ మూడింటినీ కాగితం మీద రాయించి, ఒక్కొక్కదానికి ఫోను ఎంత లక్సు చూపుతుందో ఎదురుగా రాయించాను. సెన్సరును సరిదిద్దుకోవడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు కనిపించలేదు.

గడియారంతో వెలిగిస్తే సరిపోదా అని ఒకరిద్దరు అడిగారు. మా ప్రాంతంలో డిసెంబరు మొదట్లో 5 గంటల 40 నిమిషాల ప్రాంతంలో పొద్దుగూకితే, జూన్ చివర 6 గంటల 50 నిమిషాలు దాటుతుంది. ఒక గంటా పది నిమిషాల తేడా. మబ్బు పట్టిన రోజు సంగతి గడియారానికి అసలే తెలియదు. సెన్సరు ఉపయోగం అక్కడే.

నిమిషాల లెక్కకు ఖర్చు కూడా ఉంది. సాయంత్రం ఇరవై అయిదు నిమిషాలు ముందు వెలిగి, పొద్దున ఇరవై అయిదు నిమిషాలు ఆలస్యంగా ఆరే దీపం ఏడాదికి 300 గంటలు ఎక్కువ మండుతుంది. 20 వాట్ల దీపమైతే 6 యూనిట్లు. వెయ్యి దీపాలుంటే 6,000 యూనిట్లు. ఇదంతా ఒక స్క్రూ మీద ఆధారపడి ఉంది.

చెట్టు కింది దీపం

ఇదే సర్క్యూటును డాబా మీద ఒకటి, వాకిట్లో చెట్టు కింద ఒకటి పెట్టి చూడండి. ప్రీసెట్‌లు సమానంగా ఉన్నా చెట్టు కిందిది ముందే వెలుగుతుంది. కొమ్మలు పై వెలుతురులో పదోవంతు మాత్రమే కిందికి దిగనిస్తున్నాయనుకోండి. బయట 450 లక్సులున్నప్పుడే చెట్టు కింద 45. అంటే 45 కు అమర్చిన దీపం పొద్దుగూకే సమయానికే, పది పన్నెండు నిమిషాల ముందే వెలిగిపోతుంది.

మా అడవిలో దీనికి ఇంకో మెలిక ఉంది. నల్లమల ఎక్కువభాగం ఆకురాల్చే అడవి. శ్రావణ భాద్రపదాల్లో పందిరిలాగా కమ్ముకున్న చెట్లు ఎండాకాలం వచ్చేసరికి మోడులై నిలబడతాయి. ఒకే చెట్టు కింద, ఒకే స్తంభానికి, ఒకే అమరికతో ఉన్న దీపం వానాకాలంలో ఒక వేళకు, ఎండాకాలంలో ఇంకో వేళకు వెలుగుతుంది. దీపం పాడైందని మెకానిక్కును పిలిచే ముందు చెట్టువైపు ఒకసారి చూడాలి. సెన్సరు ఎప్పుడూ ఆకాశం వైపు, ఏ కొమ్మా అడ్డం రాకుండా ఉండాలన్న నియమం ఇక్కడినుంచి వచ్చిందే.

వెన్నెల సంగతి కూడా చెప్పాలి. నిండు పున్నమినాడు కూడా వెన్నెల లక్సులో మూడోవంతు దాటదు. మన కన్ను చీకటికి అలవాటుపడి ఆ వెలుతురులో కాలిబాట పోల్చుకుంటుంది. మన సర్క్యూటుకు మాత్రం పున్నమి, అమావాస్య ఒకటే.

తన వెలుగు తనకే

ఇప్పుడు ఎరుపు ఎల్.ఇ.డి. తీసి తెల్లది పెట్టి, దాన్ని వంచి ఎల్.డి.ఆర్. మీద వెలుగు పడేటట్టు చేయండి. చీకటి పడింది, దీపం వెలగబోయింది. తన వెలుగు సెన్సరు మీద పడింది. సెన్సరు తెల్లవారిందనుకుంది. దీపం ఆరబోయింది, మళ్ళీ చీకటి. ఈ లాగులాటలో దీపం పూర్తిగా వెలగదు, పూర్తిగా ఆరదు, మధ్యలో మసకగా నిలిచిపోతుంది. ట్రాన్సిస్టరుకు రిలే తగిలించి పెద్ద దీపం నడిపితే మసక ఉండదు గాని, టకటకమంటూ వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. రిలేకు ఆయుష్షు మూడుతుంది. సెన్సరు మీదికి దీపం వెలుగు పడే వీధి దీపాలు కొన్ని రాత్రంతా కన్ను కొట్టడం వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఎల్.డి.ఆర్. కు నల్లకాగితపు గొట్టం తొడిగి ఆకాశం వైపు తిప్పడం మొదటి మందు. రెండో మందు, వెలిగే గీత వేరు, ఆరే గీత వేరుగా పెట్టడం. దీనికి 555 ఐ.సి. చక్కగా పనికొస్తుంది. హాన్స్ కామెన్‌జిండ్ రూపొందించగా 1972 లో మార్కెట్టుకు వచ్చిన ఈ ఐ.సి. ఇవాళ్టికీ ప్రయోగశాలల్లో కనిపిస్తుంది. దాని 4, 8 కాళ్ళు ధనధ్రువానికి, 1 వ కాలు రుణధ్రువానికి కలపండి. 2, 6 కాళ్ళను ఒకటిగా కలిపి, అక్కడినుంచి ధనధ్రువానికి ఎల్.డి.ఆర్., రుణధ్రువానికి 7.5 కిలోఓములు పెట్టండి. 3 వ కాలు నుంచి 330 ఓములు, ఎల్.ఇ.డి. మీదుగా రుణధ్రువానికి.

కలిపిన కాళ్ళ దగ్గర వోల్టేజీ మూడోవంతుకన్నా పడిపోతే 555 దీపాన్ని వెలిగిస్తుంది. మూడింట రెండువంతులు దాటితే గాని ఆర్పదు. మధ్యలో ఏం జరిగినా మొదటి మాట మీదే ఉంటుంది. లెక్క చూడండి. ఎల్.డి.ఆర్. 15 కిలోఓములకు ఎక్కినప్పుడు, అంటే 10 లక్సుల దగ్గర దీపం వెలుగుతుంది. 3.75 కిలోఓములకు దిగితేనే, అంటే 70 లక్సుల ప్రాంతంలోనే ఆరుతుంది. దీపం తన వెలుగును సెన్సరు మీద 60 లక్సుల లోపు పడేసుకున్నా ఇక తికమక లేదు. ఒకే హద్దు పెట్టుకున్నవాడు హద్దు దగ్గర ఊగిసలాడతాడు. రెండు హద్దులు పెట్టుకున్న సర్క్యూటు స్థిరంగా ఉంటుంది. ఫ్రిజ్‌లోనూ, ఇస్త్రీపెట్టెలోనూ, నీళ్ళ ట్యాంకు మోటారులోనూ ఇదే సూత్రం.

అడవిలో పెట్టిన కన్ను

సెన్సరు, ఎల్.ఇ.డి. జతకు మా ప్రాంతంలో ఒక గొప్ప ఉదాహరణ ఉంది. 1983 లో ప్రాజెక్టు టైగర్ కింద ఏర్పడిన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో తెలంగాణకు వచ్చిన భాగమే ఇప్పటి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. ఇంత అడవిలో పులులను లెక్కబెట్టడానికి చెట్లకు కెమెరాలు కడతారు. బాట పక్కన మోకాలి ఎత్తున, ఎదురెదురుగా రెండు. పులి రెండు పక్కల చారలు ఒకేలా ఉండవు, ఏ రెండు పులుల చారలూ కలవవు. కనుక రెండువైపులా ఫొటో కావాలి. 2018 లో దేశవ్యాప్తంగా జరిగిన పులుల గణనలో 26,838 చోట్ల ఇట్లాంటి కెమెరాలు పెట్టారు. వాటిలో పడిన దాదాపు మూడున్నర కోట్ల ఫొటోల్లో పులులవి 76,651.

ఈ కెమెరాలో సాధారణంగా ఉండే సెన్సరు మన ఎల్.డి.ఆర్. లాంటిది కాదు. అది జంతువు ఒంటి వేడినుంచి వచ్చే పరారుణ కిరణాల్లో కలిగే మార్పును పసిగడుతుంది. వెచ్చని దేహం చల్లని అడవి ముందునుంచి కదిలితే సంకేతం వస్తుంది. అందుకే నడివేసవిలో నేల, బండ, చెట్టు అన్నీ దేహమంత వేడెక్కినప్పుడు దాని చూపు మందగిస్తుంది. రాత్రి ఫొటోకు చాలా కెమెరాల్లో వెలుగునిచ్చేది పరారుణ ఎల్.ఇ.డి.లు. 850 నానోమీటర్ల రకం సన్నటి ఎర్ర నిప్పుకణికలా కనిపిస్తుంది. 940 రకం అసలు కనిపించదు గాని దాని వెలుగు తక్కువ దూరం పోతుంది. టీవీ రిమోటు ముందు ఉన్నది కూడా ఇట్లాంటి ఎల్.ఇ.డి. యే. ఫోను కెమెరాతో చూస్తే చాలా ఫోన్లలో మెరుస్తుంది, చూడండి.

అడవిని చూడాలి, అడవికి చీకటి చెడగొట్టకూడదు. కెమెరా చేసిన వాళ్ళు ఈ రెండింటినీ ఒక పెట్టెలో ఇమడ్చడానికి ప్రయత్నించారు. శ్రీశైలం రోడ్డు మీద అడవి భాగంలో రాత్రి 9 నుంచి తెల్లవారి 6 దాకా బండ్లను ఆపే నియమం కూడా ఈ ఆలోచనలోనిదే. రాత్రి తిరిగే జంతువులకు చీకటి మనకు పగలులాంటిది.

అట్లాగని మనుషులకు దీపం వద్దా? కావాలి. అడవి అంచు ఊళ్ళలో, చెంచు పెంటల్లో రాత్రిపూట బయట కాలు పెట్టాలంటే కట్లపాము భయం, గుడ్డెలుగు భయం. నీళ్ళ దగ్గర, గుడిసె వాకిట, మరుగుదొడ్డి దారిలో దీపం ప్రాణాలు కాపాడుతుంది. "అడవి కోసం మీరు చీకట్లో ఉండండి" అని పట్నంలో దీపాల కింద కూర్చుని చెప్పే హక్కు ఎవరికీ లేదు. అయితే అవసరమైన దీపాన్ని అవసరమైన చోటికి పరిమితం చేయడం ఇంజనీరు చేతిలో ఉన్న పని. తెల్ల దీపంలో నీలం పాలు ఎక్కువ, పురుగులు దానికి ఎక్కువగా చేరతాయి. పురుగుల వెంట కప్పలు, కప్పల వెంట పాములు వాకిట్లోకి రావచ్చు. పసుపు, ఎరుపు వైపు ఉండే దీపాలకు పురుగుల రాక తక్కువ. దీపానికి పైన మూత వేసి వెలుగు నేలమీదే పడేటట్టు చేస్తే తక్కువ వాట్లు చాలు. మనిషి వచ్చినప్పుడు పూర్తిగా, మిగతా వేళ మసకగా వెలిగేటట్టు చేస్తే సోలారు బ్యాటరీ కూడా తెల్లారేదాకా నిలుస్తుంది. ఇవన్నీ పైన చెప్పిన ముక్కలతోనే సాధ్యం.

ఇక మీరు చేయవలసినవి

జూనియర్ మిత్రులకు మూడు పనులు అప్పగిస్తాను. మొదటిది, హాస్టలు డాబా మీద వారం రోజులపాటు పొద్దుగూకినప్పటినుంచి రెండేసి నిమిషాలకొకసారి లక్సు, ఎల్.డి.ఆర్. నిరోధం రాసి గ్రాఫు గీయండి. మబ్బురోజు గీతను విడిగా గీయండి. రెండోది, రాత్రి బండి హెడ్‌లైటు ఒక్క క్షణం సెన్సరు మీద పడితే 555 దీపం ఆరిపోకుండా ఉండాలి. ఒక కెపాసిటరు ఎక్కడ పెడితే ఆ పని జరుగుతుందో కనిపెట్టండి. మూడోది, మన ఆవరణలో పట్టపగలు వెలుగుతున్న దీపాలు, చెట్లమీదికి, ఆకాశం మీదికి వెలుగు పారబోస్తున్న దీపాలు ఎన్ని ఉన్నాయో లెక్కబెట్టి, ఒక్కొక్కదానికి కారణం రాయండి. సెన్సరు నీడలో ఉందా, తన వెలుగు తనమీదే పడుతోందా, స్క్రూ ఎవరూ తిప్పలేదా అని చూడండి.

మూడో పని పూర్తయితే ఆ జాబితాను ఎలక్ట్రికల్ విభాగానికి ఇవ్వండి. పక్కన యూనిట్ల లెక్క కూడా వేసి ఇస్తే వాళ్ళకు పని సులువవుతుంది. చిన్న స్క్రూడ్రైవరు ఒకటి జేబులో పెట్టుకుని, అనుమతి తీసుకుని, వాళ్ళ వెంట మీరూ పొండి.